బడి లైబ్రరీనా, ఊరి గ్రంథాలయమా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు ముందు చూసుకోవాల్సినవి

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు పిల్లలు డిగ్రీ అవగానే లైబ్రేరియన్‌నైన నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "లైబ్రరీ సైన్సు చేద్దామనుకుంటున్నాను. బడిలో ఉద్యోగం బాగుంటుందా, పబ్లిక్ లైబ్రరీలో బాగుంటుందా?" నేను వెంటనే జవాబు చెప్పను. "ఒడియా చదవడం, రాయడం వచ్చా?" అని ఎదురు అడుగుతాను.

మాట్లాడటం మనందరికీ వచ్చు. సంతలో బేరం, బస్సులో సీటు కోసం వాదన, ఆఫీసులో బతిమాలుకోవడం అన్నీ ఒడియాలోనే నడిపేస్తాం. పేపరు చేతిలో పెట్టి చదవమంటే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివి, ఒడియాను పక్కన పెట్టేసినవాళ్లు మన ఇళ్లలో కొల్లలు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఇది చిన్న విషయం కాదు. ఏడో తరగతి గానీ ఆపై తరగతి గానీ ఫైనల్ పరీక్షలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేదా పదో తరగతి ఒడియా మాధ్యమంలో రాసి ఉండాలి. రెండూ లేకపోతే సెకండరీ బోర్డు పెట్టే మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష పాసైన సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. చేతిలో మంచి మార్కులతో లైబ్రరీ సైన్సు డిగ్రీ ఉండి, ఈ ఒక్క కాగితం లేక అప్లికేషన్ దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాను. అందుకే పోలిక కంటే ముందు ఈ మాట చెప్పాను. కోర్సులో చేరే ఏడాదే ఆ పరీక్ష సంగతి కూడా తేల్చేసుకోండి.

లిపికి భయపడక్కర్లేదు. గుండ్రటి అక్షరాలు మనకు కొత్తవి కావు. నేను ఒడియా చదవడం బాగా నేర్చుకున్నది బళ్లో కాదు, పుస్తకాల వెన్నుల మీద లేబుళ్లు అంటిస్తూ. రోజుకు ఇరవై పేర్లు చదివి రిజిస్టర్లో ఎక్కించాలి. నాలుగు నెలలయ్యేసరికి పేరు చూడగానే నోటికొచ్చేది.

చదువు సంగతి

దీని మీద ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు. ఏ డిగ్రీ అయినా పూర్తిచేసి, ఆపైన ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ., అంటే లైబ్రరీ సైన్సు డిగ్రీ చేస్తే బడికీ, పబ్లిక్ లైబ్రరీకీ రెండింటికీ దారి తెరుచుకుంటుంది. ఇంటి దగ్గరే ఉండి చదవాలంటే దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయం ఉంది, కోరాపుట్‌లో దాని ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. రెగ్యులర్‌గా చదివే వీలుంటే విశాఖ వెళ్లండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం కోర్సు 1935 నాటిది, దేశంలోని తొలి విశ్వవిద్యాలయ కోర్సుల్లో ఒకటి. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులు ఫీజు తక్కువని చేరేవాళ్లుంటారు. ఆంధ్రలో గ్రేడ్-3 లైబ్రేరియన్ లాంటి కొన్ని పోస్టులకు అవి చెల్లుతాయి గానీ కేంద్రీయ విద్యాలయానికి చెల్లవు. అక్కడ లైబ్రరీ సైన్సులో డిగ్రీ, లేదా డిగ్రీ పైన ఏడాది డిప్లొమా అడుగుతారు.

ఎక్కడ చదివినా వర్గీకరణ, కేటలాగింగ్ ప్రాక్టికల్స్ మాత్రం వదలకండి. ఓ ఉదాహరణ చెబుతాను. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబరిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఒడియా సాహిత్యం 891.456. హిందీ 891.43. భాషాకుటుంబాల లెక్క ప్రకారం అది సబబే. కానీ మన వైపు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పిల్లవాడికి ఆ రెండు అరలూ దూరదూరంగా ఉంటాయి. నేను పనిచేసిన బళ్లో నంబర్లు అలాగే ఉంచి, కథల పుస్తకాలకు మాత్రం భాషకో రంగు టేపు అంటించాను. తెలుగుకు పసుపు, ఒడియాకు ఎరుపు, హిందీకి నీలం. అన్నీ ఒకే బీరువాలో పక్కపక్కన పెట్టాను. ఎరుపు తీసుకున్న పిల్ల పక్కనే ఉన్న పసుపు కూడా తీసి చూసేది. నంబరు ఎందుకో తెలిస్తేనే, ఎప్పుడు దాన్ని కాస్త పక్కకు జరపొచ్చో తెలుస్తుంది.

బడి వైపు

బడి అంటే ఒకటే రకం కాదు. కేంద్రీయ విద్యాలయం, నవోదయ, ఏకలవ్య ఆదర్శ గురుకులం ఒక వరస. వీటిలో లైబ్రేరియన్‌ది టీచర్లతో సమానమైన పోస్టు. జీతం లెవెల్-7, అంటే మూలవేతనం 44,900 దగ్గర మొదలు. మన జిల్లాల్లో కిరాణా కొట్టు, చిన్న కాంట్రాక్టు, ప్రైవేటు టీచరు ఉద్యోగాల మధ్య పెరిగిన ఇంటికి ఈ జీతం ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. ఏకలవ్య బళ్లు ముఖ్యంగా గిరిజన ప్రాంతాల కోసం పెట్టినవి. గజపతి జిల్లా చంద్రగిరిలో, రాయగడ జిల్లా సిరిగుడలో, కోరాపుట్ జిల్లా పుంగార్‌లో ఉన్నాయి. 2023లో జరిగిన ఏకలవ్య నియామక పరీక్షలో ఇంగ్లీషు, హిందీలతో పాటు ప్రాంతీయ భాష పరీక్ష కూడా పెట్టారు. మూడు భాషల మధ్య పెరిగిన మనకు ఇలాంటి చోట ఓ మెట్టు ఎక్కువే ఉంటుంది. అయితే హిందీని తేలిగ్గా తీసుకోవద్దు. మన పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఇవి దేశమంతా బదిలీలుండే ఉద్యోగాలు. పరీక్ష రాయగడలో కూర్చుని చదివినా పోస్టింగ్ ఎక్కడ పడుతుందో తెలియదు. నవోదయ, ఏకలవ్య రెసిడెన్షియల్ బళ్లు. అక్కడ లైబ్రరీ తలుపు మూసినా డ్యూటీ మూయదు. సాయంత్రం స్టడీ అవర్, పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రి, సెలవులకు పిల్లల్ని పంపే రోజు లెక్కలు అన్నీ ఉంటాయి. ఇంటి దగ్గర పెద్దవాళ్లను చూసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. టీచరు రాని క్లాసుకు లైబ్రేరియన్‌ను పంపడం ఏ బళ్లోనైనా మామూలే. పాఠ్యపుస్తకాల పంపిణీ కూడా మన నెత్తినే పడుతుంది.

పుస్తకం పోతే జీతంలో కోస్తారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. ఆ భయంతోనే బీరువాలకు తాళం వేసి పెట్టుకుంటారు. నేను మొదట చేరిన ఓ బళ్లో పెద్దాయన తాళంచెవి తన దగ్గరే ఉంచుకునేవారు, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం తలుపులు తెరిచేవారు. ఆయన్ను ఒప్పించడానికి నాకు అక్కరకొచ్చింది ఓ నిబంధన. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017లో 215వ నియమం ఉంది. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే అది సహజమైన నష్టమే అంటుంది. అందులో నిర్లక్ష్యం గానీ మోసం గానీ ఉండకూడదు. వెయ్యి రూపాయల పైన విలువున్న పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం పోయినా మాత్రం విచారణ తప్పదు. 20,000 పుస్తకాల లోపు ఉన్న లైబ్రరీలో ఏటా పూర్తి స్టాక్ వెరిఫికేషన్ చేయాలి. ఇది ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను. తర్వాతి వారం తాళంచెవి నా చేతికొచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వ హైస్కూళ్ల పరిస్థితి వేరు. కొన్నేళ్ల కిందట ఒడిశాలో హైస్కూళ్లను మార్చే పథకంలో స్మార్ట్ క్లాసులతో పాటు ఈ-లైబ్రరీ గదులు కూడా ఏర్పాటు చేశారు. గది వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకునేది చాలాచోట్ల ఓ సబ్జెక్టు టీచరే. ప్రభుత్వ బళ్ల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా పుస్తకాలకు గ్రాంటు ఇస్తారు. పోస్టు లేకపోయినా పని ఉంది. కానీ పని ఉన్నంత మాత్రాన ఇల్లు గడవదు కదా. కాబట్టి దీన్నే నమ్ముకుని కూర్చోమని ఎవరికీ చెప్పను.

ప్రైవేటు సి.బి.ఎస్.ఇ. బళ్లు మొదటి రెండేళ్లకు మంచి చోటు. లైబ్రరీ గది కనీసం 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉండాలని బోర్డు నిబంధన. కాబట్టి గది అయితే ఉంటుంది. జీతం తక్కువ. చేరేముందు అడగాల్సింది ఒక్కటే: వారానికి ఎన్ని లైబ్రరీ పీరియడ్లు, ఆ పీరియడ్లలో పిల్లలు నిజంగా లైబ్రరీకి వస్తారా? జవాబు నసిగితే మీరు అక్కడ క్లర్కు పని చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు బడి వైపు నన్ను కట్టిపడేసిన సంగతి. గుమ్మ బ్లాకు నుంచి వచ్చిన ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. సవర గిరిజనుల పిల్ల. లైబ్రరీ పీరియడ్లో గోడవారన నిలబడేది, పుస్తకం ముట్టేది కాదు. ఒడియా కష్టం, ఇంగ్లీషు అంతకంటే కష్టం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో సవర, కుయి లాంటి గిరిజన భాషల్లో కూడా పిల్లల పుస్తకాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, ప్రింటు తీసుకోవచ్చు. ఒకటి ప్రింటు తీసి, కుట్టి, ఏమీ చెప్పకుండా బల్ల మీద వదిలేశాను. ఆ పిల్ల వచ్చి మొదటి పేజీ చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత పుస్తకం ఎత్తుకుని నా దగ్గరికి వచ్చి, "ఈ మాట తప్పు, మా ఊళ్లో ఇలా అనం" అంది. ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ రోజు నుంచి ఆ పుస్తకంలో మాటల పక్కన వాళ్ల ఊరి మాటలు పెన్సిల్‌తో రాసేది. పుస్తకాల లెక్క రాసే యాక్సెషన్ రిజిస్టర్ రూలు ఏదైనా, దాని ప్రకారం అది పుస్తకాన్ని పాడుచేయడమే. నేను మాత్రం పెన్సిల్ చెక్కి ఇచ్చేదాన్ని.

ఊరి గ్రంథాలయం వైపు

దీని గురించి మాట్లాడేటప్పుడు మన మనసులో ఉండే బొమ్మ ఆంధ్రది. అయ్యంకి వెంకట రమణయ్యగారు, 1914లో బెజవాడలో మొదలైన గ్రంథాలయ సంఘం, కాలువల మీద పడవల్లో తిరిగిన పుస్తకాలు. అవి విని పెరిగినవాళ్లం కాబట్టి సరిహద్దుకు ఇవతల కూడా అదే ఉంటుందనుకుంటాం. అసలు తేడా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్న దగ్గరే ఉంది. ఆంధ్రలో 1960 నాటి చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. దానితో జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు నడుస్తాయి. స్థానిక సంస్థలు ఆ సెస్సు సకాలంలో కట్టవన్న ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది, అయినా ఓ ఆదాయ మార్గమైతే ఉంది. ఒడిశాలో గ్రంథాలయ చట్టం 2001లో వచ్చింది, అందులో సెస్సు లేదు. కాబట్టి గ్రంథాలయాలు ప్రభుత్వ గ్రాంటు మీద, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయం మీద, ఊళ్లో దాతల మీద ఆధారపడతాయి. జీతం పడే పోస్టులు అరుదు. అక్కడ గ్రంథాలయాలను చూసేది ఒడియా భాష, సాహిత్య, సంస్కృతి శాఖ. శాఖ పేరులోనే భాష ఉంది. పైన ఒడియా పరీక్ష గురించి అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఓ కారణం.

నా మొదటి పని ఇలాంటి ఓ చిన్న పఠనాలయంలోనే. నెలల తరబడి జీతం రాలేదు. వచ్చినప్పుడు సగమే వచ్చింది. కాబట్టి ఇందులో చేరాలనుకునేవాళ్లకు తీపి మాటలు చెప్పను. అయితే పని నేర్పింది మాత్రం అదే. శ్రీకాకుళం ఎడిషన్ తెలుగు పేపరు మాకు పదకొండు గంటల బస్సుకు వచ్చేది. పేపరు మిల్లులో రిటైరైన ఓ తాతగారు పదిన్నరకే వచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చునేవారు. పేపరు రాగానే ముందు నాలుగో పేజీ తీసి, మరణ వార్తలు చూసి, తర్వాతే మొదటి పేజీకి వచ్చేవారు. ఓ రోజు బస్సు రాలేదు. ఆయన సాయంత్రం దాకా కూర్చున్నారు. "ఇంటికెళ్లండి తాతగారూ, రేపు రెండూ ఒకేసారి చదువుకోవచ్చు" అంటే, "ఇంట్లో తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరమ్మా" అన్నారు. ఆయన మనవలు ఒడియా మీడియం. ఆయన కళ్లముందు తెలుగు అక్షరం కనిపించే చోటు ఊరంతటికీ మా బల్ల ఒక్కటే.

ఇక మధ్యాహ్నం నుంచి కుర్చీలు నింపేది పోటీ పరీక్షల పిల్లలు. సొంత పుస్తకాలు తెచ్చుకుంటారు, మన పుస్తకాలు ముట్టరు. చాలామంది లైబ్రేరియన్లు దీనికి బాధపడతారు. నేను అలా అనుకోను. ఫ్యాను, లైటు, నిశ్శబ్దం ఇవ్వగలిగే గది ఊళ్లో మరొకటి లేనప్పుడు అది కూడా గ్రంథాలయం ఇచ్చేదే. వాళ్లకు ఓ అర కేటాయించి, అప్లికేషన్ నింపడంలో సాయం చేస్తే, మూడో వారానికి కథల బీరువా వైపు కూడా చూస్తారు.

పని వేళలు కూడా ఆలోచించుకోవాలి. రెసిడెన్షియల్ కాని బళ్లో పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, వేసవి సెలవులు దొరుకుతాయి. ఊరి గ్రంథాలయానికి జనం ఖాళీగా ఉన్నప్పుడే పని. ఉదయం కొంత, సాయంత్రం కొంత, ఆదివారం తప్పనిసరి. చిన్నపిల్లలున్న ఆడవాళ్లకు ఈ చీలిక వేళలు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇల్లు నడక దూరంలో ఉంటేనే సాగుతుంది.

సరిహద్దు దాటితే?

పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే కదా, ఆంధ్రలో గ్రంథాలయ ఉద్యోగానికి రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. కానీ అక్కడ రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికులకు పెద్ద వాటా ఉంటుంది. స్థానికత చదువును బట్టో, నివాసాన్ని బట్టో లెక్క కడతారు. ఒడిశాలో చదివిన తెలుగువాడు అక్కడ స్థానికేతరుడే. మిగిలే కొద్ది పోస్టులకు అందరితో పోటీ. తెలుగు బాగా వచ్చు కదా అని దాన్నే నమ్ముకుంటే ఏళ్లు గడిచిపోతాయి.

సిరొంచ, గడ్చిరోలి వైపు తెలుగువాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మహారాష్ట్రలో 1967 నాటి చట్టం కింద ఊరి గ్రంథాలయాలను ఎక్కువగా రిజిస్టర్డ్ సంస్థలే నడుపుతాయి. ప్రభుత్వం వాటిని అ, బ, క, డ అని నాలుగు శ్రేణులుగా చూసి గ్రాంటు ఇస్తుంది. ఊరూరా గ్రంథాలయం కనబడుతుంది గానీ, చిన్న శ్రేణిలో లైబ్రేరియన్‌కు ముట్టేది చాలా తక్కువ. అక్కడ పుట్టినవాళ్లకు నేను చెప్పేదీ ఇదే: మరాఠీ గట్టిగా నేర్చుకోండి, జీతానికి కేంద్ర బళ్ల వైపు చూడండి, ఊరి గ్రంథాలయ సంస్థలో సభ్యులుగా చేరండి.

నేనైతే ఏం ఎంచుకుంటాను?

ఇంటి మీద అప్పు ఉందా, వెనక ఆధారం లేదా, అయితే తడుముకోకుండా బడి. అందులోనూ కేంద్ర పోస్టులు. పరీక్షకు ఒకటికి రెండుసార్లు రాయడానికి సిద్ధపడండి, ఈలోపు ప్రైవేటు బళ్లో చేరి చేయి తిప్పుకోండి. వయోపరిమితి గుర్తుంచుకోండి, కేంద్రీయ విద్యాలయంలో జనరల్ వాళ్లకు 35 ఏళ్లు. చదువు మీద ఇంకా ఆసక్తి ఉండి, ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే లైబ్రరీ సైన్సు పీజీ అయిన ఎం.ఎల్.ఐ.ఎస్సీ. 55 శాతంతో చేసి, కాలేజీ ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన నెట్ రాయండి, లైబ్రరీ సైన్సు కోడ్ 59. డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ దారి వేరే, జీతం కూడా పై మెట్టు, మూలవేతనం 57,700 నుంచి.

ఊరి గ్రంథాలయాన్ని బతుకుతెరువుగా కాకుండా బాధ్యతగా పట్టుకోగలిగినవాళ్లకే అది నప్పుతుంది. భూమి, కొట్టు, పెన్షను, జీవిత భాగస్వామి సంపాదన, ఏదో ఓ ఆధారం ఉండాలి. లేకుండా దిగితే రెండో ఏడాదికే మనసు విరుగుతుంది. మనసు విరిగిన లైబ్రేరియన్ దగ్గరికి ఏ పిల్లా రాదు. బడి ఉద్యోగంలో ఉంటూనే ఆదివారం ఊరి గ్రంథాలయంలో కూర్చోవడం నేను పన్నెండేళ్లుగా చేస్తున్నాను. రెండింటిలో ఏది వదలమన్నా వదలలేను. ఇది అందరికీ కుదరదని కూడా తెలుసు.

నిర్ణయించుకునే ముందు ఓ పని చేయండి. మీకు దగ్గర్లో ఉన్న బడి లైబ్రరీకి ఓ రోజు, ఊరి గ్రంథాలయానికి ఓ రోజు వెళ్లండి. ఏవైనా పది కథల పుస్తకాలు తీసి, వెనక అంటించిన డేట్ స్లిప్ చూడండి. చివరి ముద్ర ఏ తేదీదో రాసుకోండి. నేను చేరిన రోజు ఆ బళ్లో తీసిన పదో పుస్తకం స్లిప్ మీద చివరి ముద్ర ఆరేళ్ల కిందటిది. దాని కింద ఖాళీ గడులు పదకొండు ఉన్నాయి. ఆ ఖాళీల్లో మొదటి గడిలో ముద్ర పడ్డది గోడవారన నిలబడే ఆ పిల్ల పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన రోజు.